ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నారా? సబ్సిడీ కాగితం నుంచి ప్లగ్ పాయింట్ దాకా ఏం చూసుకోవాలంటే

"సబ్సిడీ డబ్బులు అకౌంట్లో ఎప్పుడు పడతాయండీ?" ఎలక్ట్రిక్ బండి గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువ మంది మొదట అడిగేది ఇదే. గ్యాస్ సబ్సిడీ అలవాటైపోయి ఇది కూడా అలాగే పడుతుందనుకుంటారు. పడదు. ఇచ్చే రోజుల్లో కూడా దాన్ని షోరూం వాళ్లు బిల్లులోనే తగ్గించి ఇచ్చారు, ఆ మొత్తం కేంద్రం నుంచి కంపెనీకి వెళ్లింది. మీ బ్యాంకు పాస్‌బుక్‌కీ దానికీ సంబంధం లేదు.

రెండో ప్రశ్న "ఇంట్లో మామూలు ప్లగ్గులో పెట్టొచ్చా?" అని. మొదటి ప్రశ్న కంటే ఇది చాలా ముఖ్యం, కానీ దీన్ని బండి ఇంటికొచ్చాక అడుగుతారు. విజయవాడ, గుంటూరుల్లో బండి కొనేవాళ్లు ఏ వరసలో ఏం చేయాలో కింద రాశాను. స్కూటర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా, కారుకు, ఆటోకు తేడా ఉన్నచోట ఆ మాట కూడా చెప్పాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఆధార్ కార్డు, దానికి లింకైన మొబైల్ నంబరు. ఆ సిమ్ పనిచేస్తూ ఉండాలి.
- పాన్ కార్డు, అడ్రస్ ప్రూఫ్, ఫోటోలు.
- డ్రైవింగ్ లైసెన్స్.
- ఇంటి కరెంటు బిల్లులు, కనీసం 3 నెలలవి. అందులో ఒకటి మే నెలది అయితే మంచిది.
- మీటరు నుంచి బండి పెట్టే చోటికి ఎంత దూరమో టేపుతో కొలిచిన లెక్క.
- లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఒకరు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడే ఓపిక కూడా.

1. వారం రోజులు బండి మీటరు రీడింగ్ రాయండి

ఇప్పుడు వాడుతున్న బండి ఓడోమీటర్ రీడింగ్ సోమవారం పొద్దున ఒకసారి, మళ్లీ సోమవారం పొద్దున ఒకసారి రాసుకోండి. పటమటలో ఉంటూ గవర్నర్‌పేటలో ఉద్యోగం చేసేవాళ్లు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతున్నామని చెబుతారు. రాసి చూస్తే 18 వస్తుంది.

కంపెనీ చెప్పే రేంజ్ ల్యాబ్ పరీక్షలో వచ్చింది. 120 అన్నచోట ఊళ్లో 85 నుంచి 90 వస్తే సంతోషించండి. ఊళ్లో తిరిగే స్కూటర్ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 వాట్ అవర్లు తీసుకుంటుంది. అంటే 3 కిలోవాట్ అవర్ల (3 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీ విజయవాడ లోపల తిరిగేవాళ్లకు సరిపోతుంది.

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ వచ్చి వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఒకవైపు సుమారు 35 కిలోమీటర్లు, రానూపోనూ 70, ఊళ్లో తిరుగుడు కలిపితే 80. హైవే మీద 60, 70 స్పీడులో నడిపితే కిలోమీటరుకు 35 దాకా తాగుతుంది. 80 కిలోమీటర్లకు 2.8 కిలోవాట్ అవర్లు అయిపోతాయి. కనీసం 20 శాతం మిగలాలి కాబట్టి 3.5 కంటే తక్కువ బ్యాటరీ చూడకండి. మంగళగిరి దాటాక పర్సంటేజీ చూసుకుంటూ టెన్షన్ పడే ప్రయాణం రోజూ ఎవరికీ వద్దు. రోజూ హైవే మీద ఇంత దూరం తిరిగేవాళ్లకు స్కూటర్ కంటే బస్సే సుఖమని నా అభిప్రాయం. అది మీ ఇష్టం.

2. బండి కంటే ముందు ప్లగ్ పాయింట్ పెట్టించండి

నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పేస్తాను. బండి తెచ్చిన రోజు రాత్రి వరండాలో ప్లగ్ లేదని, హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి పెట్టాను. 10 రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు పొద్దున లేచేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. బాక్సు ఒకవైపు కరిగి ఛార్జర్ పిన్నుకు అంటుకుపోయింది. నాలుగు గంటలపాటు ఆగకుండా కరెంటు లాగే వస్తువుకు, సెల్‌ఫోన్లకోసం కొన్న బాక్సు తట్టుకోదు. ఆ తర్వాత చేయించిన పని ముందే చేయించి ఉంటే సరిపోయేది.

ఎలక్ట్రీషియన్‌కు ఇలా చెప్పండి:

- 16 ఆంప్స్ సాకెట్, ఐఎస్ఐ మార్కు ఉన్నది. ఫ్రిజ్‌కూ మోటారుకూ వెళ్లే లైన్ నుంచి కాకుండా, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ లాగాలి.
- 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు. దూరం 25 మీటర్లు దాటితే 4 స్క్వేర్ ఎం.ఎం. వేయండి.
- ఆ లైన్‌కు విడిగా 16 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). రెండూ కలిసి ఒకే పీసులో దొరికేదాన్ని ఆర్‌సీబీఓ అంటారు, అది అడగండి. షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది ఇదే. "ఎంసీబీ ఉందిగా సార్" అంటే ఒప్పుకోకండి, ఎంసీబీ చేసే పని అది కాదు.
- ఎర్తింగ్.

ఎర్తింగ్ దగ్గర కాస్త ఆగాలి. కృష్ణలంక, వన్‌టౌన్, గుంటూరు అరండల్‌పేటల్లోని పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో పిన్నుకు వైరే ఉండదు. ఇంకా ఘోరం, కొందరు న్యూట్రల్ వైరునే తీసి ఎర్త్ పిన్నుకు లూప్ వేస్తారు. బయటికి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే బండి బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అందుకని మీ కళ్ల ముందు సాకెట్ విప్పించండి. మూడు వైర్లు విడివిడిగా రావాలి, వాటిలో ఎర్త్ వైరు బోర్డు దాకా, అక్కడి నుంచి ఎర్త్ పిట్ దాకా వెళ్లాలి. మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 230 దగ్గర్లో రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 5 వోల్టుల కంటే తక్కువ ఉండాలి. ఎక్కువ వస్తే ఎర్త్ పిట్ ఎండిపోయి ఉండొచ్చు. వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయడం మన పెద్దవాళ్లకు తెలిసిన పనే, ఇప్పుడు మనం మర్చిపోయాం.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఒక అనుకూలత ఉంది. మన ఊళ్లలో ఫ్లాట్ల మీటర్లన్నీ ఎక్కువగా కింద పార్కింగ్‌లోనే ఒక బోర్డు మీద ఉంటాయి. మూడో అంతస్తు నుంచి వైరు దించనక్కర్లేదు. మీ మీటరు తర్వాత ఒక ఎంసీబీ పెట్టించి, అక్కడి నుంచి పైపులో మీ పార్కింగ్ స్తంభం దాకా లాగితే సరి. కరెంటు మీ బిల్లులోనే వస్తుంది. కామన్ మీటరు నుంచి తీసుకుని నెలనెలా డబ్బు ఇస్తాననే ఏర్పాటు వద్దు. రెండో నెలకే ఎవరో ఒకరు లెక్క అడుగుతారు, ఆరో నెలకు జనరల్ బాడీ మీటింగ్‌లో మీ స్కూటరే అజెండా అవుతుంది.

సెక్రటరీ గారు "పర్మిషన్ లేదు, కమర్షియల్ కనెక్షన్ కావాలి" అంటే, ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే సొంత బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే ఉందని చెప్పండి. అయితే కాగితం చూపించి గెలవాలని చూడకండి. వైరు పైపులో వేస్తాను, ఆర్‌సీబీఓ పెడతాను, సాకెట్‌కు తాళం వేసే బాక్సు పెడతాను అని లెటర్ రాసి ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. వాళ్ల భయం కూడా ఊరికే వచ్చింది కాదు. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు.

దాన్ని బట్టి ఒక కచ్చితమైన నియమం: బ్యాటరీ విప్పుకుని పైకి తీసుకెళ్లే రకం బండి కొంటే, పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టకండి. మంటలొస్తే మీరు బయటికి వెళ్లే దారిలో అది ఉండకూడదు.

కారు అయితే: బండితో వచ్చే చిన్న ఛార్జర్‌కు 16 ఆంప్స్ సాకెట్ చాలు, కాకపోతే రాత్రంతా పడుతుంది. 7.2 కిలోవాట్ల వాల్ బాక్సు పెట్టించేటట్టయితే 32 ఆంప్స్ లైన్, 6 స్క్వేర్ ఎం.ఎం. వైరు కావాలి. ముందుగా కరెంటు ఆఫీసులో లోడ్ పెంచుకోండి. మన రెండు ఊళ్లూ ఏపీసీపీడీసీఎల్ కిందకే వస్తాయి, వివరాలకు 1912.

పని అయ్యాక పరీక్ష: ఆర్‌సీబీఓ మీద "టి" అని ఉన్న బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. బండి వచ్చాక మొదటిసారి గంటసేపు ఛార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి ప్లగ్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులుగా ఉంది, ఆ రోజే మార్పించండి.

3. రిజిస్ట్రేషన్ అవసరమా లేదా తేల్చుకోండి

"నంబర్ ప్లేట్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు" అని అమ్మే బండ్లు ఉన్నాయి. అవి చట్టబద్ధమే, కానీ మోటారు 250 వాట్ల లోపు, స్పీడు గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటేనే. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకోసం వీటిని కొంటున్నారు. షోరూంలోనే "ఒక వైరు తీసేస్తే 45 వెళ్తుంది" అని చెప్పే సేల్స్‌మన్ ఉంటాడు. ఆ వైరు తీసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం తండ్రి జేబులోంచే. వద్దని చెప్పి వచ్చేయండి.

4. కొటేషన్‌ను లైను లైనుగా చదవండి

కాగితం మీద రాసివ్వమనండి, వాట్సాప్ మెసేజ్ కాదు. అందులో చూడాల్సినవి నాలుగు.

జీఎస్టీ: ఎలక్ట్రిక్ బండ్లకు 5 శాతం. 2019 ఆగస్టు 1 నుంచి ఇదే. ఛార్జర్‌కు కూడా 5 శాతమే, అంతకంటే ఎక్కువ వేస్తే అడగండి. ఇప్పుడు పెట్రోల్ స్కూటర్లకు కూడా 28 నుంచి 18కి తగ్గింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి. కాబట్టి పాత వీడియోల్లో చూపించే పెట్రోల్, ఎలక్ట్రిక్ ధరల పోలిక పట్టుకుని లెక్క వేయకండి.

కేంద్ర సబ్సిడీ: గందరగోళం అంతా ఇక్కడే. మీ బంధువుల్లో ఎవరో 2022లో కొని "నాకు 45 వేలు తగ్గింది" అని చెప్పి ఉంటారు. నిజమే. అప్పట్లో ఫేమ్-2 పథకం కింద కిలోవాట్ అవర్‌కు 15,000 చొప్పున ఇచ్చారు. 2023 జూన్ 1 నుంచి అది 10,000 అయింది, పైగా ఫ్యాక్టరీ ధరలో 15 శాతం దాటకూడదన్నారు. 2024 మార్చి 31తో ఫేమ్-2 అయిపోయింది. 2024 అక్టోబర్ 1 నుంచి పీఎం ఈ-డ్రైవ్ వచ్చింది. అందులో స్కూటర్‌కు మొదటి ఏడాది కిలోవాట్ అవర్‌కు 5,000, ఎంత పెద్ద బ్యాటరీ అయినా మొత్తం 10,000 దాటదు. 2025-26లో అదీ సగమై 2,500, గరిష్ఠం 5,000. ఇదే 3 కిలోవాట్ అవర్ల బండికి నాలుగేళ్లలో 45 వేల నుంచి 5 వేలకు దిగిందన్నమాట.

పథకాన్ని 2028 మార్చి దాకా పొడిగించారని పేపర్లో చదివి ఆశ పెట్టుకోకండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆ పొడిగింపు నోటిఫికేషన్‌లోనే టూ వీలర్లకు, త్రీ వీలర్లకు గడువు 2026 మార్చి 31 అనే ఉంచారు. పైగా నిధులు ఉన్నంతవరకే. లెక్కకు వచ్చేది మీరు బుక్ చేసిన తేదీ కాదు, బండి మీ పేరు మీద అమ్ముడై రిజిస్టర్ అయిన తేదీ. కొటేషన్‌లో "సబ్సిడీ" అని గుండుగుత్తగా రాసి ఉంటే, ఏ పథకం, ఏ తేదీ వరకు అని అడగండి. జవాబు రాకపోతే అది షోరూం డిస్కౌంట్‌కు సబ్సిడీ అని పేరు పెట్టడమే. డిస్కౌంట్ అయినా తీసుకోవచ్చు, కానీ దానికోసం ఆధార్ ఇవ్వాల్సిన పని లేదు.

లైఫ్ ట్యాక్స్: రాష్ట్రంలో 2018 నాటి ఎలక్ట్రిక్ మొబిలిటీ పాలసీ కాలం ముగిసి, ఇప్పుడు 2024-29 సస్టెయినబుల్ ఎలక్ట్రిక్ మొబిలిటీ పాలసీ 4.0 నడుస్తోంది. పాత పాలసీ రోజుల్లో కొన్నవాళ్లు చెప్పే "ట్యాక్స్ లేదు" అనే మాట మీకు వర్తిస్తుందని అనుకోకండి, సేల్స్‌మన్ చెప్పే అంకె కూడా నమ్మకండి. కొనే రోజున రవాణా శాఖకు కట్టిన రసీదులో ఉన్నదే అసలు అంకె. కొటేషన్‌లో ట్యాక్స్ కింద ఎంత రాశారో, రసీదులో ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే తిరిగి ఇవ్వమనండి.

రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం బ్యాటరీ బండ్లకు లేదు. 2021 ఆగస్టులో కేంద్రం ఎత్తేసింది. అయినా "హ్యాండ్లింగ్ ఛార్జీలు", "ఆర్టీఏ సర్వీస్" అని రెండు మూడు వేలు కలుపుతుంటారు. దేనికి రసీదు ఉందో దానికే డబ్బు కట్టండి.

ఛార్జర్, సాఫ్ట్‌వేర్: ఇవి విడి బిల్లులో ఉన్నాయేమో చూడండి. ఫేమ్-2 రోజుల్లో సబ్సిడీకి ఉన్న ధర పరిమితి దాటకుండా ఉండేందుకు కొన్ని కంపెనీలు ఛార్జర్‌ను విడిగా అమ్మి, 2023లో ఆ డబ్బు కొన్నవాళ్లకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. బిల్లు దాచుకున్నవాళ్లకు పని తేలికైంది. మీ బిల్లులు కూడా ఫోటో తీసి మెయిల్‌కు పంపి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదిలో మాయమవుతాయి.

ఇన్‌కం ట్యాక్స్ గురించి కూడా అడుగుతున్నారు. ఎలక్ట్రిక్ బండి లోను వడ్డీ మీద లక్షన్నర దాకా మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే. ఇప్పుడు తీసుకునే లోనుకు రాదు. ఫైనాన్స్ కౌంటర్లో ఇంకా ఈ మాట చెప్పి లోను అంటగట్టేవాళ్లున్నారు.

5. సబ్సిడీ వర్తించే బండి అయితే ఈ-వోచర్

పీఎం ఈ-డ్రైవ్ కింద బిల్లు తగ్గించారంటే మీ పేరున ఈ-వోచర్ వచ్చి తీరాలి. షోరూంలో మీ ముఖంతో ఆధార్ ధ్రువీకరణ చేస్తారు, మీ మొబైల్‌కు లింకు వస్తుంది. ఆ వోచర్ మీద మీరు సంతకం పెట్టాలి, తర్వాత డీలర్ పెట్టి పోర్టల్‌లో ఎక్కిస్తాడు. బండితో మీ సెల్ఫీ కూడా తీస్తారు. సంతకాలయిన కాపీ మీకు వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే: కొడుకు కొంటాడు, తండ్రి ఆధార్ ఇస్తారు, ఆర్సీ కోడలి పేరు మీద రాయిస్తారు. వోచర్‌లో పేరు, బిల్లులో పేరు, ఆర్సీలో పేరు ఒక్కటే కావాలి. ఒక ఆధార్‌కు ఒక స్కూటరే. సబ్సిడీ తీసుకోకపోయినా మీ పేరు మీద ఎవరైనా వాడేశారేమో అనే అనుమానం రాకుండా, కారణం చెప్పకుండా ఫోన్ కెమెరా వైపు చూడమనే మనిషిని ముందు "ఇది దేనికి?" అని అడగండి.

6. నంబర్ ప్లేట్, ఇన్సూరెన్స్

ముందు టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) వస్తుంది, తర్వాత శాశ్వత నంబరు. ఆర్సీ చేతికి రాగానే ఇంధనం అనే గడి చూడండి. ఎలక్ట్రిక్ అనో, ప్యూర్ ఈవీ అనో ఉండాలి. పెట్రోల్ అని పడితే ఆ రోజే వెనక్కి ఇవ్వండి. ఆ ఒక్క గడి తప్పయితే ముందు ముందు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ బండి అమ్మేటప్పుడూ తిరగాల్సి వస్తుంది. ఛాసిస్ నంబరు, మోటారు నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చండి.

ప్లేట్ ఆకుపచ్చగా ఉండాలి. సొంత బండికి తెల్ల అక్షరాలు, ఆటో, ట్యాక్సీలకు పసుపు అక్షరాలు. ఆటో కొనే తమ్ముళ్లకు ఒక మాట: బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేకుండా కేంద్రం 2018లోనే మినహాయింపు ఇచ్చింది. పర్మిట్ ఇప్పిస్తానని డబ్బు అడిగే బ్రోకర్‌కు నమస్కారం పెట్టి పంపేయండి.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం మీద ఎలక్ట్రిక్ బండ్లకు 15 శాతం తగ్గింపు ఉంది. కొత్త టూ వీలర్‌కు థర్డ్ పార్టీ ఒకేసారి 5 ఏళ్లకు కట్టాలి. ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) మాత్రం ఏడాదికోసారి. చాలామంది రెండో ఏడు దాన్ని వదిలేస్తారు. పెట్రోల్ స్కూటర్‌కు వదిలేసినా ఏదోలా గడిచిపోతుందేమో, దీనికి వద్దు. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. బ్యాటరీ నీళ్లలో మునిగితే వర్తిస్తుందా అని ఏజెంట్‌ను సూటిగా అడిగి, పాలసీలో ఆ వాక్యం చూపించమనండి.

7. డెలివరీ రోజు

పూజ, కొబ్బరికాయ, నిమ్మకాయలు తర్వాత. ముందు ఇవి:

- బ్యాటరీ మీద తయారీ తేదీ చూడండి. షోరూంలో ఏడాదిగా పడి ఉన్న బండి వద్దు.
- బ్యాటరీ భద్రతకు ఉన్న ఏఐఎస్-156 ప్రమాణం ప్రకారం ధ్రువీకరణ ఉందా అడగండి. 2022లో వరసగా జరిగిన అగ్నిప్రమాదాల తర్వాత దాన్ని కఠినం చేశారు. రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు దీనికంటే ముందు తయారైనవాటి జోలికి పోకపోవడమే మంచిది.
- వారంటీ కార్డులో బ్యాటరీకి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు అనే మూడు అంకెలూ ఉండాలి. మూడోది సాధారణంగా 70 శాతం. అది రాసి లేకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదు.
- ఛార్జర్ మీద సీరియల్ నంబరు బిల్లులో ఉందా?
- 100 శాతం ఛార్జింగ్ చేయించి, షోరూం నుంచి కనీసం 10 కిలోమీటర్లు నడిపి చూడండి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించి దించండి, ఇద్దరు కూర్చుని. గుంటూరు వాళ్లకు శంకర్ విలాస్ సెంటర్ ట్రాఫిక్ చాలు, ఆగుతూ కదులుతూ నడిపితే బ్రేకుల సంగతి తెలిసిపోతుంది.

ఇంకొక పని, ఇది కొనడానికి ముందే. సర్వీస్ సెంటర్‌కు ఒక శనివారం ఉదయం 11 గంటలకు వెళ్లి బయట నిలబడండి. దుమ్ము పట్టిన బండ్లు ఎన్ని వరసగా ఉన్నాయో చూడండి, అక్కడికి వచ్చినవాళ్లను ఇద్దరిని పలకరించండి. షోరూం ఏసీలో గంట కూర్చున్నా తెలియని విషయం అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది.

8. మొదటి నెల కరెంటు బిల్లుతో లెక్క సరిచూడండి

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి సుమారు 35 యూనిట్లు అవుతాయి. ఇంట్లో మామూలుగా నెలకు 200 యూనిట్లు కాలుతుందనుకోండి. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. అంటే మొదటి 25 యూనిట్లకు 150, తర్వాతి 10 యూనిట్లకు 87.50. మొత్తం 237.50, సర్‌ఛార్జీలు అదనం. మే నెలలో ఏసీలతో 350 దాటిన ఇంట్లో అవే 35 యూనిట్లు 306 రూపాయలు. లీటరుకు 45 ఇచ్చే పెట్రోల్ బండికి ఆ 1,000 కిలోమీటర్లకు 22 లీటర్లు కావాలి, లీటరు 110 అనుకున్నా 2,400 పైనే. నెలకు 2,000 మిగులుతుంటే, పోయిన 5,000 సబ్సిడీ మూడు నెలల్లో వచ్చేస్తుంది. అందుకే దానికోసం హడావుడి పడి నచ్చని బండి కొనొద్దని చెప్పేది.

బిల్లు 35 బదులు 60, 70 యూనిట్లు పెరిగితే బండిని అనే ముందు ఇల్లు చూడండి. మీటరు దగ్గర నిలబడి ఇంట్లో అన్నీ ఆపేసి బండి ఒక్కటే ఛార్జింగ్‌లో పెట్టండి. 20 నుంచి 100 శాతం దాకా ఎన్ని యూనిట్లు తిరిగిందో రాయండి. 3 కిలోవాట్ అవర్ల బండికి 2.7, 2.8 యూనిట్లు రావాలి. అంతే వస్తే బండి తప్పు లేదు, ఎవరో ఏసీ ఎక్కువ వేస్తున్నారు.

9. ఎండ, వాన, వరద

మన ఊళ్ల ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. బ్యాటరీ అప్పటికే కాగి ఉంటుంది. ముప్పావు గంట నీడలో ఆగనివ్వండి, కుదిరితే తెల్లవారుజామున పెట్టుకోండి. ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టడం నీడ కాదు, ఓవెన్. ఎండ ఎక్కువుండే చోట ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ కాస్త నిలకడగా ఉంటుంది. రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతే నేనైతే దానివైపే మొగ్గుతాను.

వానలో నడపడానికి భయం లేదు. ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్ష చేశారని అర్థం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు బురద నీళ్లలో రోజుల తరబడి మునిగిపోయాయి. ఆ పరీక్షలో అలాంటిది లేదు. అలా మునిగిన బండిని ఆరబెట్టి స్టార్ట్ చేసి చూద్దామనుకోకండి, తాళం కూడా తిప్పకండి, ఛార్జింగ్ అసలే వద్దు. లోపలికి నీరు చేరిన బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఇంటికి దూరంగా ఖాళీ స్థలంలో పెట్టి, నీటి గుర్తు కనిపించేలా ఫోటోలు తీసి, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. తర్వాత సర్వీస్ సెంటర్ వాళ్లను ఎక్కించుకుని తీసుకెళ్లమనండి. నడిపించుకుని వెళితే క్లెయిమ్ దగ్గర దాన్నే సాకుగా చూపిస్తారు.

వరద హెచ్చరిక రాగానే చేయాల్సింది ఛార్జర్ ప్లగ్ పీకి, ఆ లైన్ ఎంసీబీ దించి, బండిని ఎత్తైన చోటికి తీసుకెళ్లడం. వారధి మీద, ఫ్లైఓవర్ల కింద కాకుండా బంధువుల ఇంటి మెరక చూసుకోండి.

ఫిర్యాదు చేయాల్సి వస్తే

బిల్లులో తేడా, సబ్సిడీ పేరుతో మోసం, వారంటీ నిరాకరణ, వీటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. దానికి ముందు షోరూంకు మెయిల్ పెట్టండి, ఫోన్లో ఎంత అరిచినా అది రికార్డు కాదు. మెయిల్‌కు బిల్లు, ఈ-వోచర్ కాపీ, ఛార్జర్ నంబరు జత చేయండి. సర్వీస్‌కు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు తీసుకోండి, అందులో మీరు చెప్పిన సమస్య మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టకుండా వెనక్కి ఇచ్చేయండి.